నాలుగూ కలిసే అరగాలి

"ముందు టైర్లు రెండే కదా అరిగింది, వాటినే మారుద్దాం. వెనకవి బాగానే ఉన్నాయిగా!" కారున్న ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. పొదుపుగానే అనిపిస్తుంది. నా దృష్టిలో మాత్రం ఆ పొదుపు వెనక ప్రమాదం ఉంది.

మన రోడ్ల మీది చిన్న కార్లలో చాలావాటికి ఇంజిన్ ముందే, డ్రైవూ ముందు చక్రాలకే. బరువు ఎక్కువగా మోసేవి, బండిని లాగేవి, మలుపు తిప్పేవి అవే. బ్రేకు వేస్తే బరువు ముందుకి ఒరుగుతుంది కాబట్టి అప్పుడూ శ్రమ వాటిదే. వెనక టైర్లు పెళ్లికొచ్చిన చుట్టాల్లా వెంట వస్తాయంతే. ఇక అరుగుదల సమానంగా ఎలా ఉంటుంది?

అందుకే సుమారు 8 వేల నుంచి 10 వేల కిలోమీటర్లకోసారి టైర్ల స్థానాలు మార్చమంటారు. ఇలాంటి కార్లలో ముందువి నేరుగా వెనక్కి, వెనకవి కుడి ఎడమలు మారి ముందుకి. తిరిగే దిశను చూపే బాణం గుర్తున్న టైర్లైతే ఏ వైపువి ఆ వైపే ముందూవెనకా మారాలి.

"ఎటు మార్చినా మొత్తం అరిగే రబ్బరు అంతేగా?" అనొచ్చు. నిజమే, అది పెద్దగా తగ్గదు. అసలు లాభం వానలో తెలుస్తుంది. గాడులు నీటిని పక్కకి నెడితేనే రబ్బరుకి రోడ్డు అందుతుంది. ముందు కొత్తవి, వెనక అరిగినవి ఉంటే తడి మలుపులో వెనక భాగం జారి బండి గిర్రున తిరిగిపోవచ్చు. ముందు జారితే వేగం తగ్గించి సర్దుకునే వీలుంటుంది. వెనక జారితే మామూలు డ్రైవరుకి ఆలోచించే టైమే ఉండదు. రెండే కొనాల్సొస్తే కొత్తవి వెనక వేయమని టైర్ కంపెనీలు చెప్పేది ఇందుకే.

అయితే గుడ్డిగా మార్చేయకూడదు. ఒక అంచే అరిగితే అలైన్‌మెంట్ చూపించాలి. రెండంచులూ అరిగితే గాలి తక్కువ, నడిమధ్య అరిగితే గాలి ఎక్కువ. కారణం సరిచేయకుండా మారిస్తే అదే లోపం ఇంకో టైర్ని తినేస్తుంది.

స్లిప్ యాంగిల్ మీద పరీక్షలు రాసే మనం ఈసారి ఇంటికెళ్లినప్పుడు కారు పక్కన ఓ ఐదు నిమిషాలు కూర్చుందాం. గాడుల అడుగున 1.6 మిల్లీమీటర్ల ఎత్తున చిన్న రబ్బరు దిమ్మలుంటాయి. టైరు అరిగి వాటితో సమానమైపోతే, ఏ చక్రానికి మార్చినా ఉపయోగం లేదు. తీసేయాల్సిందే!