లోన్ తీసుకుని వెళ్లి తిరుగుడా? అవును, తిరగాలి!

జర్మనీలోని ఎస్సెన్‌లో మాస్టర్స్ చేస్తున్న రోజులు. ఓ ఆదివారం ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో ఫొటో పెట్టాను. వెనక ఎత్తైన ఇనుప టవర్, ముందు నేను. ఐదు నిమిషాల్లో జ్యోతినగర్ నుంచి బాపు ఫోన్. ‘‘లోన్ దీసుకొని పోయింది సదువుటానికా, తిరుగుటానికా బిడ్డా?’’

అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పగలను. విదేశాలకు వెళ్లాలనుకుంటున్న మీకూ అది పనికొస్తుంది.

ఆ టవర్ ఓ బొగ్గుబాయిది. పేరు జోల్‌ఫెరైన్. ఎస్సెన్ రైల్వేస్టేషన్ నుంచి 107 నంబర్ ట్రామ్ ఎక్కితే అక్కడికి వెళ్లిపోవచ్చు. ఆవరణలో తిరగడానికి టికెట్ లేదు. 1986 డిసెంబర్‌లో గని మూతపడింది. 2001లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. బొగ్గు కడిగే ప్లాంట్ ఇప్పుడు మ్యూజియం. బాయిలర్ హౌస్‌లో డిజైన్ ప్రదర్శనలు. ఆవరణలోనే డిజైన్ విద్యార్థుల క్లాసులు.

ఎన్టీపీసీ చిమ్నీలు చూస్తూ, సింగరేణి నుంచి ప్లాంట్‌కు వచ్చే బొగ్గురైలు చప్పుడు వింటూ పెరిగినవాడిని. మా మామయ్య గోదావరిఖనిలో బాయి దిగేవాడు. అందుకే ఆ టవర్ కింద నిలబడితే ఒకటే ప్రశ్న. గని మూసేశాక ఈ ఊరి పిల్లలు ఏం చేశారు?

జవాబు కోసం వీకెండ్లలో రూర్ ప్రాంతమంతా తిరిగాను. 1950లలో పశ్చిమ జర్మనీ బొగ్గు గనుల్లో దాదాపు 6 లక్షల మంది పనిచేసేవారు. వారిలో ఎక్కువమంది ఈ ప్రాంతంవాళ్లే. గనులు ఒక్కొక్కటిగా మూతపడటం మొదలయ్యాక, 1965లో బోఖుమ్‌లో యూనివర్సిటీ క్లాసులు ప్రారంభమయ్యాయి. 1968లో డోర్ట్‌మండ్, 1972లో ఎస్సెన్, డ్యూస్‌బర్గ్. అంటే ఇంకా బొగ్గు తవ్వుతుండగానే కాలేజీలు కట్టుకున్నారు! 2018లో గనులకు సబ్సిడీ ఆపేయాలని 2007లోనే నిర్ణయించారు. బోట్రోప్‌లోని చివరి గని 2018 డిసెంబర్ 21న మూతపడింది. సిద్ధపడటానికి పదకొండేళ్లు దొరికాయి. అయినా అక్కడ నిరుద్యోగం ఇప్పటికీ జర్మనీ సగటు కంటే ఎక్కువే. అంతా బాగైపోయిందని నేను చెప్పను.

ఇవన్నీ గూగుల్‌లో దొరుకుతాయి కదా అంటారేమో. దొరుకుతాయి. కానీ ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో ‘‘మా ప్రాంతానికే ఎందుకొచ్చావ్?’’ అని అడిగితే, గూగుల్‌లో చదివింది రెండు వాక్యాల్లో అయిపోతుంది. నేను మా బొగ్గురైలు గురించి, జోల్‌ఫెరైన్ గురించి వచ్చీరాని జర్మన్‌లో పది నిమిషాలు మాట్లాడాను. దానికే ఉద్యోగమిచ్చారని అనను. కానీ ఎదుటి మనిషి రెజ్యూమె పక్కనపెట్టి నా మొహం చూసింది అప్పుడే.

మనవాళ్లలో చాలామంది వీకెండ్లు ఎలా గడుస్తాయో నాకు తెలుసు. వేర్‌హౌస్‌లో షిఫ్ట్, లేదా రూమ్‌లో నలుగురం కలిసి బిర్యానీ, సినిమా. తప్పేం కాదు, నేనూ చేశాను. లోన్ ఉన్నప్పుడు షిఫ్ట్ వదులుకోవడం కష్టమే. అయితే అక్కడ విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులకు మించి పనిచేయకూడదన్నది 2024 నుంచి రూల్. అంటే ఖాళీ రోజులు ఎలాగూ మిగులుతాయి. రెండేళ్లు రూమ్‌లో తెలుగే మాట్లాడి, డిగ్రీ చేతికొచ్చాక ‘‘జర్మన్ రాదని ఉద్యోగం ఇవ్వట్లేదు’’ అనడం కంటే, నెలకో ఆదివారం బయటికెళ్లడం చవక.

ఖర్చంటారా? మా రోజుల్లో సెమిస్టర్ ఫీజుతోపాటు వచ్చే టికెట్‌తో రాష్ట్రమంతా లోకల్ రైళ్లలో తిరగొచ్చు. డబ్బాలో పులిహోర పెట్టుకుంటే హోటల్ బిల్లు ఉండదు. ఆదివారం షాపులు దాదాపు అన్నీ బంద్, కాబట్టి షాపింగ్ భయమూ లేదు. గైడెడ్ టూర్ ఇంగ్లిష్‌లో ఉన్నా జర్మన్‌దే తీసుకోండి. సగం అర్థం కాకపోయినా అది మీకు క్లాసే. వెళ్లేముందు ఒక్క ప్రశ్న రాసుకోండి: ఈ ఊరు దేనిమీద బతుకుతోంది? తిరిగొచ్చాక పది లైన్లు రాయండి. మీరు అప్లై చేయాల్సిన కంపెనీల పేర్లు వాటిలోనే కనిపిస్తాయి.

దీనికి జర్మనీయే అక్కర్లేదు. మన ఎఫ్‌సీఐ ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతపడి, 2021లో ఆర్‌ఎఫ్‌సీఎల్‌గా మళ్లీ ఉత్పత్తి మొదలుపెట్టింది. మధ్యలో ఆ ఇరవై రెండేళ్లు ఊరు ఎలా బతికిందో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగారా?

మొన్న ఇంటికెళ్లినప్పుడు బాపుకు జోల్‌ఫెరైన్ కథంతా చెప్పాను. కాసేపు ఊరుకుని అడిగాడు: ‘‘మరి మన బాయిలు బందైతే ఏం జేస్తరంట?’’

ఆ ప్రశ్న నాకు ఆ తిరుగుడులోనే దొరికింది బాపూ. జవాబు వెతకాల్సింది మా తరమే.