శిక్షణ నుంచి మినహాయింపా? శిక్షణలో హక్కా?

ఆ మధ్య ఒక ఉపాధ్యాయ సంఘం సభకి వెళ్ళాను. వేదిక దిగి వచ్చిన నాయకుడొకరు ఎంతో ఉత్సాహంగా నాతో అన్నారు: "మేడమ్, మన మహిళా టీచర్ల కోసం ఒక మంచి పని చేశాం. రెసిడెన్షియల్ శిక్షణ నుంచి చంటిపిల్లల తల్లులకి మినహాయింపు ఇప్పించాం." పక్కనున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్ళలో స్త్రీలూ ఉన్నారు. నేను మాత్రం కొట్టలేకపోయాను. "ఏం మేడమ్, మీకు సంతోషంగా లేదా?" అని ఆయన అడిగితే, అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేక నవ్వి ఊరుకున్నాను. ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను.

కాగితం మీద ఈ దేశంలో టీచర్ల శిక్షణకి కరువు లేదు. ప్రతి టీచరుకీ అయిదేళ్ళకోసారి రెండు మూడు నెలల వృత్యంతర శిక్షణ ఉండాలని 1964-66లోనే కొఠారీ కమిషన్ చెప్పింది. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లాకో డైట్ వచ్చింది. సర్వశిక్షా అభియాన్ ఏడాదికి 20 రోజుల శిక్షణ అంది. 2019లో నిష్ఠా వచ్చింది. 2020 విద్యావిధానం ప్రతి టీచరూ ఏటా 50 గంటలు వృత్తి నైపుణ్యాభివృద్ధికి కేటాయించాలంది. ఇంత శిక్షణ పొందాల్సిన ఆ టీచరు ఎవరు? 2024-25 యుడైస్ లెక్కల ప్రకారం దేశంలో టీచర్ల సంఖ్య మొదటిసారి కోటి దాటింది. అందులో స్త్రీలు 54.2 శాతం. సగానికి మించి స్త్రీలున్న వృత్తి ఇది. అయినా శిక్షణ టైంటేబుల్ వేసేవాళ్ళ మనసులో ఉన్న టీచరు మాత్రం ఇంకా మగవాడే. పొద్దున్నే అతని క్యారేజీ ఎవరో కడతారు. అతను రాత్రి ఎంత ఆలస్యంగా వచ్చినా అన్నం మూతపెట్టి ఉంటుంది. అతని పిల్లకి జ్వరమొస్తే ఫోను అతనికి రాదు.

నేను టీచర్ని కాదు. సోషియాలజీలో పిహెచ్.డి చేసి, పరిశోధన మీద బతుకుతున్నదాన్ని. కానీ "జెండర్" అంశం మీద మాట్లాడమని ఇలాంటి శిక్షణలకి నన్ను చాలాసార్లు పిలిచారు. ఎప్పుడు మాట్లాడమంటారో తెలుసా? చివరి రోజు, భోజనాల తర్వాత, 45 నిమిషాలు. అప్పటికి సగంమంది రిలీవింగ్ ఉత్తర్వుల కోసం బయట లైనులో నిలబడి ఉంటారు. లెక్కలు, సైన్సు, నాయకత్వం చెప్పే రిసోర్స్ పర్సన్లు మగవాళ్ళు. ప్రార్థన పాడటానికి, అతిథికి పుష్పగుచ్ఛం ఇవ్వడానికి, టీ కప్పులు అందించడానికి మాత్రం "మేడమ్స్ ఎవరైనా రండి" అని పిలుపు వస్తుంది. అలాంటి ఒక శిక్షణలో వెనక బెంచీలో కూర్చున్న టీచరొకామె గంటగంటకీ లేచి బయటికి వెళ్ళొస్తోంది. విసుగొచ్చిన కోర్సు డైరెక్టరు అందరి ముందూ మైకులో ఆమెని మందలించారు. తర్వాత తెలిసింది. బయట వేపచెట్టు కింద ఆమె అత్తగారు అయిదు నెలల బిడ్డని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పాలివ్వడానికి ఒక గది లేదు. స్త్రీలకని చూపించిన మరుగుదొడ్డికి గడియ లేదు. ఆ అత్తగారు నాతో అన్నమాట: "చదువు చెప్పేవాళ్ళకి కూడా ఇంత తెలియదామ్మా?"

ఇది చూసి మీరేమంటారు? "పాపం, ఆమెకి మినహాయింపు ఇచ్చి ఉండాల్సింది" అంటారా? సంఘం నాయకుడూ సరిగ్గా అదే అన్నారు. అధికారికీ అదే సులువు. గదికి డబ్బు ఖర్చు, ఆయాకి డబ్బు ఖర్చు. మినహాయింపుకి పైసా ఖర్చు లేదు. పైగా దయగలవాళ్ళన్న పేరొస్తుంది. ఇందులో ఎవరి బాధ్యత ఎవరి మీదికి జరిగిపోయిందో చూడండి. గది కట్టకపోవడం శాఖ తప్పు. దాన్ని ఆమె తల్లితనం సమస్యగా మార్చి, ఆమెనే ఇంటికి పంపించారు. పితృస్వామ్యం ఎప్పుడూ కొరడా పట్టుకునే రాదు. చాలాసార్లు సెలవుచీటీ పట్టుకుని వస్తుంది.

ఇవాళ ఇంటికెళ్ళిన ఆమెకి రేపు ఏమవుతుంది? కొత్త పాఠ్యపుస్తకం వచ్చినప్పుడు దాన్ని ఎలా చెప్పాలో ఆమెకి తెలియదు. తెలియనందుకు తనిఖీలో మాటలు పడుతుంది. నేను చూసినంతలో, మండల స్థాయి రిసోర్స్ పర్సన్లని ఎంచేటప్పుడు అంతకుముందు శిక్షణలకి వచ్చినవాళ్ళ పేర్లే ముందుకొస్తాయి. వాళ్ళలోంచి జిల్లా బృందానికి, అక్కణ్ణుంచి పాఠ్యపుస్తకాలు రాసే కమిటీలకి. మొదటి మెట్టు దగ్గర మినహాయింపు పొందిన స్త్రీ పై మెట్టు దగ్గర కనిపించదు. అప్పుడు అదే అధికారి అంటాడు: "ఏం చేస్తాం మేడమ్, ఆడవాళ్ళు ముందుకు రారు."

ఇంకో వైరుధ్యం చూడండి. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో పాఠాలు చెప్పేది స్త్రీలే. వంతులవారీగా రాత్రిళ్ళు హాస్టల్లో ఉండి పిల్లల్ని చూసుకునేదీ వాళ్ళే. వాళ్ళకీ చంటిపిల్లలుంటారు. ఏళ్ళ తరబడి కాంట్రాక్టు జీతం మీద పనిచేసి, తెలంగాణలో 2024 డిసెంబర్ నుంచి 2025 జనవరి దాకా సమ్మె చేసింది ఇలాంటివాళ్ళే. తక్కువ జీతానికి రాత్రి కాపలా కాయాల్సొచ్చినప్పుడు గుర్తురాని తల్లితనం, ఆమె నేర్చుకోవడానికి నాలుగు రాత్రులు బయట ఉండాల్సొచ్చేసరికి ఎందుకు గుర్తొస్తుంది? ఇక మన వీధి చివరి ప్రైవేటు స్కూల్లో నెలకి కొద్దివేల జీతానికి చెప్పే అమ్మాయి సంగతి అడిగేవాళ్ళే లేరు. ఆమెకి శిక్షణ అంటే మేనేజిమెంటు పెట్టే అడ్మిషన్ల మీటింగే.

"అయితే ఆన్‌లైన్ చేద్దాం, ఇంట్లో కూర్చునే నేర్చుకోవచ్చు" అన్నారు. కరోనా కాలంలో, 2020లో, నిష్ఠా శిక్షణ దీక్షా పోర్టల్లోకి వచ్చాక ఈ మాట మరీ పెరిగింది. ఇంట్లో! 2024 కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు ఆ పనిలో గడుపుతున్నారు. చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. యాభై గంటల శిక్షణ అంటే మూడువేల నిమిషాలు. ఒక స్త్రీ పది రోజుల్లో చేసే ఇంటి చాకిరి దాదాపు అంత. మగవాడికి అదే చాకిరి చెయ్యడానికి నెల దాటుతుంది. మరి ఆన్‌లైన్ శిక్షణ ఎక్కడ నడుస్తుంది? నా స్నేహితురాలి ఇంట్లో చూశాను. పొయ్యి మీద పప్పు, గట్టు మీద ఫోను. ఫోనులో వీడియో దానిపాటికది ఆడుతోంది. మధ్యమధ్య తడిచెయ్యి తుడుచుకుని "తర్వాత" అని నొక్కుతోంది. చివర సర్టిఫికెట్ వచ్చింది. "ఏం నేర్చుకున్నావే?" అంటే, "పప్పు అడుగంటకుండా సర్టిఫికెట్ తెచ్చుకోవడం" అంది. నవ్వాం గానీ, అది నవ్వాల్సిన సంగతి కాదు. శిక్షణని ఇంటికి పంపడమంటే దాన్ని ఇంటి చాకిరి మీద ఇంకో చాకిరిగా పేర్చడం.

శిక్షణకి ఇన్ని మినహాయింపులు ఇచ్చిన వ్యవస్థ పరీక్షకి ఇస్తుందా? 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఒకటి నుంచి ఎనిమిది తరగతులు చెప్పే టీచర్లలో అయిదేళ్ళకి మించి సర్వీసు మిగిలినవాళ్ళు రెండేళ్ళలో టెట్ పాసు కావాలి, లేకపోతే ఉద్యోగం వదులుకోవాలి. అంతకన్నా తక్కువ సర్వీసు మిగిలినవాళ్ళు కొనసాగవచ్చు గానీ, పదోన్నతి కావాలంటే వాళ్ళూ పాసు కావాల్సిందే. ఆ తీర్పు మంచిచెడ్డలు వేరే చర్చ. నేనడిగేది ఒక్కటే. ఇరవై ఏళ్ళు నేర్చుకునే చోటునుంచి ఆమెని దయగా ఇంటికి పంపి, నలభై ఎనిమిదో ఏట పుస్తకం చేతికిచ్చి పరీక్ష రాయమంటే, ఆమె ఏ వేళప్పుడు చదవాలి? రాత్రి పదకొండింటికి, అంట్లు తోమాకా?

మినహాయింపు అడిగిన టీచర్లని నేను తప్పుపట్టడం లేదు. గడియలేని మరుగుదొడ్డి, చీకటిపడ్డాక బస్సు దొరకని చోటు, రాత్రిపూట తలుపు కొట్టే తాగుబోతు సహోద్యోగి ఉన్న క్యాంపు నుంచి తప్పించుకోవాలనుకోవడం తెలివైన పనే. కానీ సంఘం పని తప్పించుకునే దారి చూపించడం కాదు. ఆ తలుపు కొట్టినవాడి మీద ఫిర్యాదు చేయడానికి దారి ఉంది. 2013 లైంగిక వేధింపుల చట్టం ప్రకారం ఉద్యోగరీత్యా వెళ్ళిన ప్రతి చోటూ పనిస్థలమే. శిక్షణ క్యాంపు కూడా పనిస్థలమే. ఈ సంగతి క్యాంపు మొదటిరోజు మైకులో చెప్పగా మీరెప్పుడైనా విన్నారా?

మా అమ్మ ఎస్‌జీటీగా పనిచేసింది. 1980ల్లో మొదలై 1996 దాకా బ్రిటిష్ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, అందరూ ఏపెప్ అనేవారు, అందులో శిక్షణ పొందింది. రంగుకాగితాలు, కత్తెర, అట్టముక్కలు సంచీలో వేసుకుని ఇంటికొచ్చేది. ఆ పద్ధతుల్లో ఎన్ని నిలిచాయో గానీ, ఉపాధ్యాయ కేంద్రంలో జరిగే సమావేశాల గురించి మాత్రం ఆమె రిటైరయ్యాక కూడా చెబుతూ ఉండేది. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒంటరిగా ఉండే ఆమెకి, తనలాంటి పదిమంది స్త్రీలతో కూర్చుని తరగతి గురించి, హెచ్ఎం గురించి, ఇంటి గురించి మాట్లాడే చోటు అదొక్కటే. ఆ రోజుల్లో నాకు అన్నం పెట్టింది మా అమ్మమ్మ. నా పిహెచ్.డి కాలంలో నా కూతుర్ని పెంచింది మా అమ్మ. ఒక ఆడదాని చదువు కోసం ఇంకో ముసలి ఆడదాని నడుం వంగాల్సిందేనా? అత్తగారు వేపచెట్టు కింద కూర్చోవాల్సిందేనా?

అందుకే మనం అడగాల్సినవి ఇవి. శిక్షణ పనిదినాల్లో, పనిగంటల్లో జరగాలి. సెలవుల్లో పిలిస్తే అంతమేరకు సంపాదిత సెలవు జమ కావాలి. శిక్షణ జరిగే ప్రతి చోటా పిల్లల గది, ఆయా, గడియ ఉన్న మరుగుదొడ్డి ఉండాలి. ఇవి లేని చోటిని శిక్షణకేంద్రంగా ఎంచుకోకూడదు. రిసోర్స్ పర్సన్లలో సగంమంది స్త్రీలుండాలి, లెక్కలకీ సైన్సుకీ కూడా. కాంట్రాక్టు టీచర్లకీ ఇదే శిక్షణ, ఇదే టీఏ డీఏ దక్కాలి. ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు హాలు గోడమీద ఉండాలి. టెట్ రాయాల్సినవాళ్ళకి చదువుకోవడానికి జీతంతో కూడిన సెలవివ్వాలి.

ఇది టీచర్ల గొడవ, మనకెందుకని మహిళా సంఘాల మిత్రులు అనుకోవద్దు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం అక్షరదీపం తరగతుల్లో కూర్చున్న స్త్రీల నుంచే మొదలైంది. స్త్రీలు కలిసి కూర్చుని నేర్చుకుంటే ఏమవుతుందో మనకి తెలుసు, సర్కారుకీ తెలుసు. మన సంస్థలు పెట్టే వర్క్‌షాపుల సంగతీ ఒకసారి చూసుకుందాం. అక్కడ పిల్లల గది ఉందా? నేను మాట్లాడిన చాలాచోట్ల లేదు. అడగకుండా మాట్లాడి వచ్చేసినందుకు నాకూ సిగ్గుగానే ఉంది.

ఈ మూడునెలల్లో ప్రతి మండలంలో ఒక్కరైనా సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పోయినేడు శిక్షణల్లో రిసోర్స్ పర్సన్లు ఎంతమంది, వాళ్ళలో స్త్రీలెందరు? పిల్లల గదికి ఎంత ఖర్చుపెట్టారు? ఫిర్యాదుల కమిటీలో ఎవరున్నారు? జవాబులు చేతికొచ్చాక ఆ నాయకుడి సభకే మళ్ళీ వెళదాం. ఈసారి మినహాయింపు ఇప్పించామని ఆయన అంటే, చప్పట్లకి బదులు ఆ కాగితాలు చదివి వినిపిద్దాం.