పేస్‌మేకర్ ఉన్న అమ్మ విమానమెక్కకూడదా?

మా ఎదురింటి అక్కయ్యగారికి అరవై మూడేళ్ళు. అమెరికాలో ఉన్న కూతురికి నెలలు నిండుతున్నాయి. "అమ్మా, ఎప్పుడొస్తావ్?" అని ఆ పిల్ల రోజూ ఫోను. ఇక్కడ ఇంట్లో మాత్రం ఒకటే మాట, "నువ్వెలా వెళ్తావ్, గుండెలో మిషనుందిగా!" అని. రెండేళ్ళ క్రితం ఆవిడకు పేస్‌మేకర్ అమర్చారు. విచిత్రమేమిటంటే, స్టెంటు వేయించుకున్న ఆరు నెలలకే ఆవిడ భర్త సింగపూర్ తిరిగొచ్చారు. అప్పుడెవరూ అడ్డు చెప్పలేదు. ఆవిడ ఇప్పటికీ ఇంటిల్లిపాదికీ వండి వార్చి, మేడ మీద బట్టలారేసి వస్తుంది. అందుకూ ఎవరూ అడ్డు చెప్పరు లెండి!

జాగ్రత్త మంచిదే. కానీ ఈ భయంలో జాగ్రత్త పాలెంత, తెలియనితనం పాలెంత? పేస్‌మేకర్ ఉన్నంత మాత్రాన విమానమెక్కకూడదని ఏమీ లేదు. ఆయాసం, ఛాతీనొప్పి, కళ్ళు తిరగడం ఉన్నాయా, ఆపరేషన్ గాయం మానిందా అన్నవే చూసుకోవాలి. అది తేల్చాల్సింది డాక్టరు, కొడుకో బావగారో కాదు. బయల్దేరేముందు పేస్‌మేకర్‌ను పరీక్ష చేయించుకుంటే బ్యాటరీ ఎన్నాళ్ళొస్తుందో, తీగలు సరిగ్గా ఉన్నాయో లేదో తెలుస్తుంది. అక్కడికెళ్ళి ఆర్నెల్లు చంటిబిడ్డ చాకిరీ చేయగలరా అన్నది వేరే ప్రశ్న. అదీ అప్పుడే అడిగేయాలి!

అసలు ఈ మిషను మనిషి ఒంట్లోకి వచ్చిందే ఓ ఇల్లాలి పట్టుదల వల్ల. స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అనే ఆయన మాటిమాటికీ స్పృహ తప్పి పడిపోతుంటే, భార్య ఎల్సె-మారీ డాక్టర్ల వెంటపడి 1958 అక్టోబరులో ఆయనకు పేస్‌మేకర్ పెట్టించింది. శరీరం లోపల అమర్చిన మొదటి పేస్‌మేకర్ అదే. అది కొన్ని గంటలే పనిచేసింది. ఆయన మాత్రం ఇరవైకి పైగా మిషన్లు మార్చుకుంటూ 2001 దాకా, 86 ఏళ్ళు బతికారు.

మన ఆడవాళ్ళకు అసలు చిక్కు విమానంలో కాదు, తనిఖీ దగ్గర. మన విమానాశ్రయాల్లో ఆడవాళ్ళను తెర చాటుకు పిలిచి, మహిళా సిబ్బంది చేతి మిషనుతో చూస్తారు. ద్వారంలాంటి మెటల్ డిటెక్టర్లోంచి ఆగకుండా నడిచిపోతే ఫరవాలేదు. దాన్ని ఆనుకుని మాత్రం నిలబడకూడదు. చేతి మిషనును పేస్‌మేకర్ మీద అదేపనిగా పెట్టి ఉంచకూడదు. వాళ్ళు చెయ్యెత్తకముందే "పేస్‌మేకర్ ఉంది" అని కార్డు చూపించి, చేత్తో తడిమి చూడమనాలి. సరిగ్గా అక్కడే మనకు నోరు పెగలదు. రొమ్ము పైన ఏదో అమర్చారని కొత్తవాళ్ళకు చెప్పుకోవాలంటే సిగ్గు. ఆ మచ్చ కనబడకుండా జాకెట్టు మెడ పైకి కుట్టించుకున్నవాళ్ళను నేనెరుగుదును. అన్నట్టు, సెల్‌ఫోను జాకెట్లో దోపుకునే అలవాటుంటే మానుకోవాలి. పేస్‌మేకర్‌కు ఫోను కనీసం ఆరంగుళాల దూరంలో ఉండాలి.

ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడూ ఈ సంగతి దాచకూడదు. దాస్తే, రేపు అవసరమొచ్చినప్పుడు క్లెయిము తిరగ్గొట్టేస్తారు. పాత జబ్బులకు ఎంతవరకు డబ్బిస్తారో ముందే చదివించుకోవాలి.

ఇక ఆ కార్డు. మిషను ఏ కంపెనీది, ఏ మోడలు, ఎప్పుడు ఎక్కడ అమర్చారు అన్నవన్నీ దానిమీదే ఉంటాయి. పరాయి ఊళ్ళో అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తాల్సొస్తే డాక్టర్లకు కావలసిన వివరాలవే. అందుకే అది పెట్టెలో కాదు, మందులతో పాటు చేతిసంచిలో ఉండాలి.

అక్కయ్యగారిని నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. "నిక్షేపంగా వెళ్ళిరండి, కార్డు మాత్రం మరిచిపోకండి" అన్నారాయన. ఆవిడ నా మొహం చూసింది. "ఏం కార్డమ్మా?" అంది. రెండేళ్ళుగా ఆ కార్డు బెంగుళూరులో కొడుకు బీరువాలో, ఆస్పత్రి బిల్లుల మధ్య ఉందట. కొరియర్లో పంపమని ఫోను చేయించాం.