పచ్చలైటు వెలుగుతూనే ఉంది, ట్యాంకు నిండుతూనే ఉంది

నేను చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్. మనలో ఇలాంటివాళ్ళు ప్రతి టీమ్‌లోనూ ఇద్దరు ముగ్గురుంటారు కాబట్టి దీనికి కొత్తగా సిగ్గుపడేదేం లేదు :) కానీ పోయిన వానాకాలంలో మాత్రం నిజంగానే సిగ్గుపడాల్సొచ్చింది.

విశాఖ ఆటోనగర్లో మా బాబాయికి చిన్న పౌడర్ కోటింగ్ షెడ్డుంది. ప్యానెల్ బాక్సులూ, గ్రిల్సూ లాంటివి రంగేసి ఇస్తారు. 100 సీఎఫ్‌ఎమ్ స్క్రూ కంప్రెసరు, 500 లీటర్ల ట్యాంకు, దాని తర్వాత ఒక డ్రయరు. ట్యాంకు అడుగున వాల్వు తిప్పి నీళ్ళు వదలడం అక్కడ ఒక పెద్దాయన పని. పొద్దున్నే ఒకసారి, టీ తాగొచ్చి ఒకసారి, సాయంత్రం ఇంకోసారి. "దీనికో మనిషెందుకు బాబాయ్?" అన్నది నేనే. టైమర్ వాల్వు పెట్టించి, రెండు వీకెండ్లు కూర్చుని డ్యాష్‌బోర్డు రాసిచ్చాను. ఇరవై నిమిషాలకోసారి వాల్వు తెరుచుకుంటుంది, బాబాయి ఫోన్లో పచ్చలైటు వెలుగుతుంది. పెద్దాయన్ని ప్యాకింగ్‌కి మార్చారు.

అసలు గాలిలోంచి ఏమాత్రం నీళ్ళొస్తాయిలే అనుకుంటాం కదా, నేనూ అలాగే అనుకున్నాను. లెక్క చూడండి. 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న గాలిలో ఘనపు మీటరుకి సుమారు 23 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. మన కంప్రెసరు గంటకి 170 ఘనపు మీటర్లు పీలుస్తుంది. అంటే దాదాపు 4 లీటర్ల నీళ్ళు! 7 బార్లకి నొక్కితే ఆ గాలి ఎనిమిదో వంతు జాగాలోకి వచ్చేస్తుంది. ఎంత ఆవిరి పట్టుకోగలదన్నది జాగానీ, వేడినీ బట్టే ఉంటుంది కానీ, ఎంత నొక్కామన్నదాన్ని బట్టి కాదు. కూలర్‌లో 40 డిగ్రీలకి చల్లారేసరికి గంటకి రెండు ముప్పావు లీటర్లు నీళ్ళై కింద పడతాయి. ఎనిమిది గంటల షిఫ్టుకి 22 లీటర్లు. మనం ఇంట్లో తెప్పించుకునే వాటర్ క్యాన్ కన్నా ఎక్కువ, అదీ రోజూ. ఇది ఇంజినీరింగ్‌లో సైక్రోమెట్రీ పేరుతో చదివిందే... పరీక్షయిపోగానే చక్కగా మర్చిపోయాం.

ఆగస్టులో బాబాయి ఫోన్. ఒక లాటు మొత్తం వెనక్కొచ్చిందిట. రంగు మీద సూదిబెజ్జాలు, హాపర్‌లో పౌడరు ఉండలు కట్టేసింది. "ఏరా, నీ లైటు పచ్చగానే ఉంది కదా, మరి గన్నులోంచి నీళ్ళెందుకొస్తున్నాయిరా?"

ఆ రాత్రికే గోదావరి ఎక్కాను. టైమర్ వాల్వు విప్పితే లోపలంతా తుప్పూ, నూనే కలిసిన మడ్డి. కాయిలు టక్ టక్ మని కొట్టుకుంటోంది కానీ, చుక్క బయటికి రావట్లేదు. పక్కనున్న పాత చేతి వాల్వు తిప్పితే నీళ్ళు వస్తూనే ఉన్నాయి, ట్యాంకు సగానికి పైగా నీళ్ళే. డ్రయరు ఆవిరిని ఆరబెట్టగలదు గానీ, బకెట్లతో మీద పోస్తే అదేం చేస్తుంది?

నా కోడ్‌లో బగ్ లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. "తెరువు" అని ఆర్డరిచ్చినట్టు నమోదు చేశాను, నీళ్ళు పోయినట్టు కాదు. పెద్దాయన ప్యాకింగ్ టేబుల్ దగ్గర్నుంచే అన్నారు, "రెండు వారాలుగా ఆ శబ్దం మారింది బాబూ. నన్నెవరూ అడగలేదు."

ఆఫీసులో ఈ కథ చెబితే ఒక మిత్రుడు "ఇంకో సెన్సరు పెట్టెయ్" అన్నాడు. పెడతాను. మట్టం చూసి తెరుచుకునే డ్రెయిన్లూ ఉన్నాయి, టైమర్ కన్నా అవే మేలు. డ్రయరు తర్వాత డ్యూ పాయింట్ మీటరు ఉండాల్సిందే, ఈ పనికి 3 డిగ్రీలకి అటూఇటూ చూపిస్తే చాలు. కానీ వాల్వు ముందున్న జాలీ ఎవరు కడుగుతారు? డ్రయరు కండెన్సరు ఫిన్లలో దుమ్ము ఎవరు ఊదుతారు? మనం ఎడాపెడా అమ్ముతున్న ప్రిడిక్టివ్ మెయింటెనెన్స్ స్లయిడ్లలో ఈ మనిషికి చోటు లేదు. పైగా అతని జీతాన్నే "ఆదా" కింద చూపిస్తాం. నేనూ చూపించాను, బాబాయికి, ఎక్సెల్‌లో. ఆ ఒక్క లాటు రంగు తీసి మళ్ళీ వేయడానికైన ఖర్చు ఆయన నాలుగు నెలల జీతం కన్నా ఎక్కువ. సగం నేనిస్తానంటే బాబాయి ఇంకా మాట్లాడలేదు, పిన్ని మాత్రం "ఇవ్వనీయండి, గుర్తుంటుంది" అందిట.

పెద్దాయన మళ్ళీ కంప్రెసర్ దగ్గరికి వచ్చారు, జీతం కొంచెం పెంచమని చెప్పాను. టైమర్ అలాగే ఉంది. దాని గొట్టం ఇప్పుడు ఒక డ్రమ్ములోకి పెట్టాం (ఆ నీళ్ళలో నూనె ఉంటుంది, కాలవలోకి వదలకూడదు కూడా). రోజూ సాయంత్రం ఎన్ని లీటర్లొచ్చాయో ఆయన నోటుబుక్కులో రాసి ఫోటో పంపుతారు, ఆ అంకెని నేను వాతావరణం లెక్కతో పోల్చి చూస్తాను. నిన్న 19 వచ్చాయి. 21 రావాలి. ఫోన్ చేస్తే, మధ్యాహ్నం గంటసేపు కరెంటు లేదన్నారు.