విలువలు నేర్పుతారట.. ఎవరి విలువలు?

ఏజెన్సీలో ట్రస్టుల బడులు, హాస్టళ్లు కొత్త కాదు. పిల్లలకు చదువు, తిండి, బట్టలు ఇస్తామంటారు. దాంతో పాటు 'విలువలు' నేర్పుతామంటారు. చదువుతో మనకు పేచీ లేదు. పేచీ అంతా ఆ రెండో మాటతోనే.

పిల్లల్ని అక్కడికి పంపే తల్లిదండ్రుల్ని మాత్రం తప్పుపట్టొద్దు. సర్కారు బడిలో సారు ఎప్పుడొస్తాడో తెలియక, ట్రస్టు బడిలో టీచరు రోజూ ఉంటే ఏ అమ్మైనా ఎటు పంపుతుంది? ఈ ఖాళీ చేసింది ప్రభుత్వం. దాంట్లోకే ట్రస్టులు వస్తున్నాయి.

అయితే విలువలు లేని చోటికి విలువలు మోసుకొస్తున్నట్టు మాట్లాడితే ఊరుకోలేం. కొత్త పంటను దేవర్లకు పెట్టి, ఊరంతా పండుగ చేసుకున్నాకే మనం నోట్లో పెట్టుకుంటాం. ఒక ఇల్లు లేపాలంటే నాలుగిళ్లోళ్లు సాయం పడతారు. ఇవి ఏ పుస్తకం చూసి నేర్చుకున్నాం? అదే పిల్లోడు సెలవులకు ఇంటికొచ్చి అమ్మ భాషలో మాట్లాడ్డానికి సిగ్గుపడుతుంటే, వాడికి అబ్బింది విలువ కాదు, తనవాళ్లంటే చిన్నచూపు.

చట్టం ఏమంటోంది? 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 29 ప్రకారం పాఠాలు రాజ్యాంగ విలువలకు తగ్గట్టు ఉండాలి, వీలైనంతవరకు మాతృభాషలో చెప్పాలి. రాజ్యాంగం ఆర్టికల్ 28(3) ఇంకా సూటిగా చెప్పింది: సర్కారు గుర్తింపు గానీ, సాయం గానీ ఉన్న బడిలో తల్లిదండ్రులు ఒప్పుకోకుండా పిల్లల్ని మత బోధనలో, ప్రార్థనలో కూర్చోబెట్టకూడదు. అది ఏ మతమైనా సరే.

మన భాషలో, మన మనుషులతో బడి నడవదా అంటే, నడిచింది. 1940లో కుమ్రం భీం నేలకొరిగాక ఆదిలాబాద్‌ గోండు గూడేలకు హైమండార్ఫ్ వచ్చాడు. ఆ దశాబ్దంలోనే మార్లవాయిలో గోండు యువకులకు టీచరు ట్రైనింగ్ ఇచ్చారు, గోండిలోనే వాచకాలు తయారుచేశారు. 2000లో వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులు 100 శాతం స్థానిక ఆదివాసులకే ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మన బడిలో మనవాడు సారుగా ఉండే హామీ అలా పోయింది.

అందుకే ఏ ట్రస్టు వచ్చినా గ్రామసభలో కూర్చోబెట్టి నాలుగు మాటలు అడుగుదాం. చిన్న తరగతులకు మా భాష వచ్చిన టీచరున్నాడా? ప్రార్థన ఏంటి, మమ్మల్ని అడిగే పెడుతున్నారా? మా పండుగలకు పిల్లల్ని ఇంటికి పంపుతారా? మీరొచ్చాక మా సర్కారు బడి మూతపడదని అధికారులు రాసిస్తారా?

ఆచారాల్ని, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం 1996 పెసా చట్టమే గ్రామసభకు ఇచ్చింది. కాబట్టి ఇలా అడగడం గొడవ కాదు, మన హక్కు. సరిగ్గా జవాబు చెప్పినోళ్లను రమ్మందాం. చెప్పలేనోళ్లు ముందు మన గూడెంలో నాల్రోజులు ఉండి నేర్చుకుని రావాలి.