ఖజూర్ లాటే, అబ్బాజాన్ షుగర్



పోయిన నెల మా పెద్దమ్మాయి హైదరాబాద్ నుంచి సెలవులకి కడప వచ్చింది. వచ్చిన మర్నాడే ఫోన్ నా మొహం ముందు పెట్టి, "అబ్బూ, ఇది చూడండి. స్పైస్డ్ లాటే. శక్కర్ అసలు వెయ్యరు, అంతా నేచురల్. మా కాలేజీ దగ్గర కేఫ్‌లో కప్పు 280 రూపాయలు. మనమే ఇంట్లో చేసుకుందామా?" అంది.

ధర విని మా అమ్మీ "యా అల్లాహ్, ఆ పైసలకి నాలుగు లీటర్ల పాలు రావా!" అని నోరు నొక్కుకుంది. నన్ను గుచ్చింది మాత్రం ధర కాదు. 'నేచురల్' అన్న మాట. ఆ మాటకి మా ఇంట్లో ఒక కథ ఉంది. ఇన్నేళ్ళూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నా.

మా అబ్బాజాన్‌కి షుగర్. అల్లాహ్ ఆయనకి మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఫజర్ నమాజ్ నుంచి రాగానే ఆయనకి తియ్యటి చాయ్ కావాలి. డాక్టర్ శక్కర్ బంద్ చెయ్యమన్నాక ఆయన మొహం చూడలేకపోయాను. ఒక దుకాణంలో తేనె సీసా చూపించి, "ఇది నేచురల్ భాయ్, షుగర్ వాళ్ళకి ఏమీ కాదు" అన్నారు. తెచ్చాను. రోజూ పొద్దున నా చేతులతోనే రెండు చెంచాలు కలిపి ఇచ్చాను. ఆయన దువా ఇచ్చేవారు. నేను ఖుష్. అట్లా రెండేళ్ళు. తర్వాత కిడ్నీలు, డయాలసిస్, ఆ తర్వాత ఖబరస్తాన్. తేనె వల్లే పోయారని నేను అనటం లేదు, ఎవరి మౌత్ ఎప్పుడో అల్లాహ్‌కి తెలుసు. కానీ డాక్టర్ వద్దన్నదాన్నే పేరు మార్చి రోజూ తాగించింది నేనే. జర్నలిస్టుని. నాలుగు ముక్కలు చదివినవాణ్ణి. ఒక్కసారి కూడా లెక్క చూసుకోలేదు.

అందుకే ఈ లాటే ముచ్చట నాకు మామూలు ముచ్చట కాదు.

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. 'లాటే' అంటే ఇటాలియన్‌లో పాలు, అంతే. కాఫీ కలిపిన పాలని వాళ్ళు 'కాఫే లాటే' అంటారు. ఇటలీ వెళ్ళి ఉత్త 'లాటే' అని అడిగితే గ్లాసుడు పాలు తెచ్చి పెడతారు. మన దాదీలు దగ్గొచ్చినప్పుడు ఇచ్చే హల్దీ దూధ్‌ని ఇప్పుడు కేఫుల్లో 'టర్మరిక్ లాటే' అని అమ్ముతున్నారు. అమెరికాలో స్టార్‌బక్స్ వాళ్ళు 2003లో 'పంప్‌కిన్ స్పైస్ లాటే' మొదలుపెట్టారు. పేరులో గుమ్మడికాయ ఉంది గానీ, 2015 దాకా అందులో గుమ్మడి గుజ్జే లేదు. ఆ రుచంతా గుమ్మడి హల్వా లాంటి వాళ్ళ వంటకంలో వేసే మసాలాది. ఏమిటా మసాలా? దాల్చిన్, సోంఠ్, జైఫల్, లవంగ్. మీ ఇంట్లో బిర్యానీ మసాలా డబ్బా తెరవండి, అన్నీ అందులోనే ఉంటాయి.

కాఫీ మాత్రం పరాయిదా? 15వ శతాబ్దంలో యెమెన్‌లో సూఫీలు రాత్రి జిక్ర్‌లో నిద్ర రాకుండా ఉండటానికి ఖహ్వా తాగేవాళ్ళు. 1511లో మక్కాలో ఖైర్ బేగ్ అనే హాకిం దాన్ని బంద్ చేయించాడు, ఆ హుకుం ఎన్నాళ్ళో నిలవలేదు. ఖహ్వా అన్న మాటే తుర్కీ నోట్లో నలిగి, యూరప్ వెళ్ళి, కాఫీ అయింది. యెమెన్‌లోని అల్ ముఖా రేవు పేరే ఇవ్వాళ్టి 'మోకా'. కర్ణాటకలో చిక్కమగళూరు కొండలకి హజ్ నుంచి వస్తూ ఏడు గింజలు తెచ్చారని చెప్పుకునే బాబా బుడన్ పేరే ఉంది. మన అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కాబట్టి అమ్మాయి లాటే అడిగితే 'ఇదంతా ఫిరంగీ షోకు' అని కసురుకోవాల్సిన పని లేదు. పాలూ మనవే, మసాలా మనదే, కాఫీ కథలో సగం మనదే.

పరేషానీ అంతా తీపితోనే.

మన ఇళ్ళల్లో మిఠాస్‌ని మొహబ్బత్‌కి కొలతగా పెట్టుకున్నాం. మెహ్మాన్ వస్తే చాయ్‌లో ఒక చెంచా ఎక్కువ. అల్లుడొస్తే ఇంకో చెంచా. "మీఠా కమ్ హై క్యా బేటా?" అని అడగటమే మన తెహజీబ్. వద్దంటే కించపరిచినట్టు. మా ఫుప్పు ఇంట్లో షుగర్ ఉందని చాయ్ వద్దన్న మామూ మీద "మా ఇంటి చాయ్ నోటికి పోదా?" అని ఆమె అలిగిన రోజు నాకింకా గుర్తుంది. ఆయన పాపం తాగేశారు.

దీని లెక్క చూద్దాం. చెంచాడు శక్కర్, సమంగా తీస్తే, 4 గ్రాములు. కప్పుకి రెండు చెంచాలు, రోజుకి నాలుగు కప్పులు అంటే 32 గ్రాములు. మన ఆపాలు కుప్పగా తీస్తారు కాబట్టి ఇంకా ఎక్కువే. పైనుంచి వేసుకునే తీపి రోజుకి 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. బిస్కెట్లు, షర్బత్, షీర్‌ఖుర్మా, డబల్ కా మీఠా జోలికి పోకముందే, ఉత్త చాయ్‌తోనే హద్దు దాటేస్తున్నాం. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. ఇంకో 13 కోట్ల మందికి పైగా దాని గడప మీద ఉన్నారు. మీ ఖాందాన్‌లో వేళ్ళు మడిచి లెక్కపెట్టి చూడండి. ఒక చెయ్యి చాలదు.

ఇక్కడే 'నేచురల్' వచ్చి మనల్ని నిద్రపుచ్చుతుంది. శక్కర్ మానేశాం, బెల్లం వేస్తున్నాం, తేనె వేస్తున్నాం, ఖజూర్ వేస్తున్నాం, ఇక బేఫికర్. కానీ బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. తేనెలో నూటికి దాదాపు 80 పాళ్ళు చక్కెరలే. పైగా తేనె బరువు ఎక్కువ. చెంచాడు తేనె 7 గ్రాములు తూగుతుంది, అందులో తీపి ఐదున్నర గ్రాములకి పైనే. అంటే సమంగా తీసిన చెంచాడు శక్కర్ కంటే ఎక్కువ! అబ్బాజాన్‌కి నేను ఇచ్చింది ఇది. ఈ లెక్క నాకు ఆయన పోయాక తెలిసింది.

"తేనెలో షిఫా ఉందని ఖురాన్ చెప్పలేదా? ఖజూర్ సున్నత్ కాదా?" అని మీరు అడగొచ్చు. మా ఇంట్లోనూ అడిగారు. తేనె షిఫా అన్నదాంట్లో నాకు ఏ షక్ లేదు. కానీ షిఫాకి పర్హేజ్ కూడా తోడుండాలి. ఇఫ్తార్‌కి ఒకటో మూడో ఖజూర్‌లు తినటం వేరు, పది ఖజూర్‌లు మిక్సీలో తిప్పి 'షుగర్ ఫ్రీ' అని పేరు పెట్టి గ్లాసుడు తాగటం వేరు. మొదటిది సున్నత్. రెండోది ఇస్రాఫ్. దీన్ పేరు చెప్పి జుబాన్ కోరిక తీర్చుకోవటం మనకి మనమే చేసుకునే ధోకా.

కువైట్‌లో పదేళ్ళుగా డ్రైవర్‌గా ఉన్న మా చచేరా భాయ్ ఒక సంగతి చెప్పాడు. అక్కడ మెహ్మాన్‌కి గహ్వా చిన్న ఫింజాన్‌లో, అడుగున కాస్త మాత్రమే పోస్తారు. ఇలాయిచి ఘుమఘుమ, ఒక్కోసారి జాఫ్రాన్. శక్కర్ వెయ్యరు. పక్కన తబక్‌లో ఖజూర్ పెడతారు, కావాల్సినవాళ్ళు ఒకటి నోట్లో వేసుకుంటారు. ఫింజాన్ ఖాళీ అయినకొద్దీ పోస్తూనే ఉంటారు. మరి వద్దనాలంటే? ఫింజాన్‌ని అటూ ఇటూ కొంచెం ఊపి తిరిగిస్తే చాలు. అంటే 'బస్' అని. ఎవరూ అలగరు, ఎవరి ఇజ్జత్ పోదు. ఆ గహ్వా మర్యాదని 2015లో యునెస్కో కూడా మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో రాసుకుంది.

నాకు ఆ సైగ మీద ఈర్ష్య పుట్టింది. మన దస్తర్‌ఖాన్ దగ్గర 'ఇంకా తీసుకోండి' అనటానికి నూరు మాటలున్నాయి. 'చాలు' అనటానికి ఇజ్జత్ పోని సైగ ఒక్కటీ లేదు. నేను ఈ పోస్టులో అడిగేది ఇదే. మెహ్మాన్‌నవాజీ తగ్గించొద్దు. దాని కొలతని శక్కర్ నుంచి ఖుష్బూకి మార్చుదాం. మసాలా ఆ పని చేస్తుంది. ఇలాయిచి, దాల్చిన్ వాసన ముక్కుకి తగిలితే తీపి కొంచెమే ఉన్నా నాలుక లోటు పడదు.

మరి మా ఇంట్లో ఎట్లా చేశామో చెబుతాను. రెండు కప్పులకి ఈ కొలత.

చిన్న ఖజూర్‌లు రెండు. పెద్ద మెడ్జూల్ అయితే ఒకటే, ఎందుకంటే ఒక్క మెడ్జూల్‌లోనే 16 గ్రాముల దాకా తీపి ఉంటుంది. గింజ తీసి, పావు కప్పు వేడినీళ్ళలో అరగంట నానబెట్టి, ఆ నీళ్ళతోనే మెత్తగా రుబ్బండి. వడకట్టకండి, పీచు పోతుంది.

గిన్నెలో అర కప్పు నీళ్ళు పోసి, దంచిన ఇలాయిచి రెండు, చిటికెన వేలంత దాల్చిన్ ముక్క, ఒక లవంగం, రెండు మిరియాలు, చిటికెడు సోంఠ్ పొడి వేసి ఐదు నిమిషాలు మరిగించండి. సోంఠ్ బదులు పచ్చి అల్లం వేస్తే తప్పనిసరిగా నీళ్ళలోనే ముందు మరగాలి, నేరుగా పాలలో వేస్తే పాలు విరిగిపోవచ్చు. ఇప్పుడు ఒకటిన్నర కప్పు పాలు పోయండి. అంచున బుడగలు రాగానే ఖజూర్ ముద్ద కలిపి దించేయండి. పాలు తెగ కాగితే లాటే రుచి రాదు, రబ్డీ రుచి వస్తుంది. వేడి పాలకి తనదైన తీపి ఉంటుంది, దాన్ని పట్టించుకుంటే ఖజూర్ ఇంకా తగ్గించొచ్చు. మసాలా వడకట్టాలనుకుంటే, ఖజూర్ కలపకముందే ఆ పని చెయ్యండి.

నురగకి మిషన్ కావాలంది అమ్మాయి. మా అమ్మీ మజ్జిగ కవ్వం తెచ్చి చేతిలో పెట్టింది. రెండు అరచేతుల మధ్య రెండు నిమిషాలు తిప్పితే కేఫ్ వాళ్ళు సిగ్గుపడేంత నురగ వచ్చింది. కప్పులో ముందు చిక్కటి ఫిల్టర్ డికాక్షన్ పావు కప్పు, పైన ఈ పాలు మెల్లగా. డికాక్షన్ లేకపోతే ఇన్‌స్టంట్ పొడి చెంచాడు. అంతే.

ఈ కప్పులో శక్కర్ లేదని మాత్రం ఎవరికీ చెప్పకండి. చిన్న ఖజూర్‌ల నుంచి 5 గ్రాముల దాకా, మెడ్జూల్ అయితే 8 గ్రాముల దాకా వస్తుంది, పాలలో సహజంగా ఉండే తీపి ఇంకో 7 గ్రాములు. చిన్న ఖజూర్‌లు వేస్తే, పైనుంచి వేసే తీపి రెండు చెంచాల చాయ్ కంటే తక్కువ, అంతవరకే. షుగర్ ఉన్నవాళ్ళకి ఖజూర్ కూడా వద్దు, ఉత్త మసాలా, పాలు, కాఫీ. అదీ వాళ్ళ డాక్టర్‌ని అడిగి. ఏడాది లోపు పసిపిల్లలకి తేనె ఏ రూపంలోనూ నాకించొద్దు. మన వాళ్ళు పుట్టగానే నాకిస్తుంటారు, డాక్టర్లు ఖతర్నాక్ అంటున్నారు.

శక్కర్ ఒక్కసారిగా ఆపితే ఇంట్లో బగావత్ వస్తుంది, నాకు తెలుసు. అందుకని వారానికి పావు చెంచా చొప్పున తగ్గించాం. నెల తిరిగేసరికి పాత చాయ్ తాగితే పాకంలా అనిపించింది. నాలుక కూడా మురీద్ లాంటిదే, ఏది నేర్పితే అది నేర్చుకుంటుంది. ఇంకో మాట మగవాళ్ళకి. ఈ పనంతా ఇంట్లో ఆడవాళ్ళ నెత్తిన పెట్టి, మనం కుర్చీలో కూర్చుని 'తీపి తక్కువైంది' అనే హక్కు మనకి లేదు. ఆదివారం ఫజర్ తర్వాత కవ్వం ఇప్పుడు నా చేతిలో ఉంటోంది.

పోయిన ఆదివారం అమ్మీకి ఖజూర్ లేని కప్పు ఇచ్చాను. ఆమెకి కూడా ఇప్పుడు షుగర్ హద్దు దగ్గరుంది. ఒక గుక్క తాగి ఆగింది. మీఠా ఏదని అడుగుతుందేమో అని చూశాను. "మీ అబ్బాజాన్‌కి ఇలాయిచి అంటే ఎంత ఇష్టమో" అంది. తర్వాత ఖాళీ కప్పుని మా చచేరా భాయ్ చెప్పినట్టు అటూ ఇటూ ఊపి నవ్వింది.

మీ ఇంట్లోనూ ఒకసారి చేసి చూడండి. మెహ్మాన్ 'చాలు' అంటే అలగకండి. మా అబ్బాజాన్ కోసం ఒక ఫాతిహా చదవండి.

అల్లాహ్ మనందరికీ సెహత్ ఇవ్వుగాక, ఆమీన్. ఖుదా హాఫిజ్.