సూరత్ నేతకార్మికుని కొడుకు ఏ రాష్ట్రం వాడు?

ఏటా వేసవి ముగిసేనాటికి రాజధానిలో సీట్ల లెక్కలు మొదలవుతాయి. ఐ.ఐ.టి.లలో ఎన్ని పెరిగినవి, జాతీయ సాంకేతిక విద్యాసంస్థలలో ఎన్ని పెరిగినవి అన్న అంకెలను అధికారులు పత్రికలవారికి పంచిపెడతారు. మేమూ వాటిని శ్రద్ధగా రాసి పంపుతాము. ఒక్కొక్క సీటు ఎవరి ఇంటికి ఎంత ఖరీదుకు చేరుతున్నదీ ఆ కాగితాలలో ఉండదు.

ఈసారి ఆ లెక్క అడిగినవాడు సూరత్‌లోని ఒక మరమగ్గాల కార్మికుడు. సిరిసిల్ల నుంచి ఇరవై ఏళ్ళ క్రితం వలస వెళ్ళిన మనిషి. కొడుకు పదవ తరగతి గుజరాత్ బోర్డులో మంచి మార్కులతో పూర్తిచేశాడు. వాడిని ఇంజనీరును చేయాలన్నది తండ్రి కోరిక. తక్కువ ఖర్చులో ఆ చదువు ఎక్కడ దొరుకుతుందో ఢిల్లీలో ఉన్న మీకు తెలియకపోతుందా అని ఆయన ఉత్తరం రాశాడు. తెలుసునని అనుకొనే రైలెక్కాను. తెలిసినది ఎంత తక్కువో లింబాయత్‌లోని ఆయన గదిలో కూర్చున్న తరువాత గాని బోధపడలేదు.

సూరత్‌లో తెలుగువారి ఉనికిని గురించి మన పాఠకులకు ఎక్కువ చెప్పనక్కరలేదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు భివండీకి, షోలాపూర్‌కు వెళ్ళినట్లే ఇక్కడకూ వచ్చారు. సిరిసిల్లలో సాంచెలని పిలిచే ఆ యంత్రాల మధ్యనే ఇక్కడా బతుకు. షిఫ్టు పన్నెండు గంటలు, కూలి మీటర్ల లెక్కన. మద్రాసు, అహమ్మదాబాదుల మధ్య నడిచే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వీరికి పుట్టింటి బండి వంటిది. సూరత్ నగరపాలక సంస్థ పాఠశాలలు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగులోనూ నడుస్తున్నవి. మన సొంత రాష్ట్రాలలో తెలుగు మాధ్యమం కుంచించుకుపోతున్న రోజులలో గుజరాత్‌లోని ఒక నగరపాలక సంస్థ దానిని నిలబెట్టడం గమనించదగినది. అయితే అది ప్రాథమిక విద్య వరకే. ఆ తరువాత పిల్లవాడు వేరొక భాషలోకి మారవలసిందే.

మా మిత్రుని కుటుంబంలో వాదం ఇది. హైదరాబాదులో ఉన్న బావమరది, పిల్లవాడిని ఇంటర్మీడియట్‌కు తన దగ్గరకు పంపమంటున్నాడు. అక్కడి కార్పొరేట్ కళాశాలలో చేరితేనే ర్యాంకు వస్తుందట. తండ్రికి అప్పు భయం, తల్లికి ఎడబాటు భయం. నాకు కనిపించిన భయం మరొకటి. ఇంజనీరింగు కళాశాల ఎంపిక పన్నెండవ తరగతి తరువాత జరుగుతుందని మనమందరం అనుకొంటాము. పేదవాని విషయంలో అది పదవ తరగతి ముగిసిన నెలలోనే జరిగిపోతున్నది.

ముందుగా ఊళ్ళోనే ఉన్న సర్దార్ వల్లభ్‌భాయి జాతీయ సాంకేతిక సంస్థ సంగతి చూద్దాము. రెండవ పంచవర్ష ప్రణాళిక కాలంలో కేంద్రం ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలల పథకం రూపొందించింది. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన వరంగల్ కళాశాల ఆ వరుసలో మొదటిది. సూరత్ కళాశాల 1961లో వచ్చింది. సగం సీట్లు ఆ రాష్ట్రపు విద్యార్థులకు, సగం తక్కిన దేశానికి అన్నది నాటి సూత్రం. 2002లో పేరు మారి జాతీయ సంస్థ అయిన తరువాత కూడా ఆ సగం సగం నిలిచింది. ఇక్కడ విశేషమేమంటే, ‘ఆ రాష్ట్రపు విద్యార్థి’ అంటే అక్కడ పుట్టినవాడు కాదు, అక్కడ పన్నెండవ తరగతి ప్యాసైనవాడు. సిరిసిల్ల నేతకార్మికుని కొడుకు సూరత్‌లో ఆ పరీక్ష ప్యాసైతే, జాతీయ సంస్థ దృష్టిలో వాడు అచ్చమైన గుజరాతీ. ఇంటర్మీడియట్ హైదరాబాదులో చదివితే తెలంగాణవాడై వరంగల్ సంస్థలో సొంత రాష్ట్రపు వాటాకు పోటీపడాలి. అక్కడ కావలసిన ర్యాంకు సూరత్ కంటె చాలా కఠినం.

ఈ సంస్థలలో ట్యూషన్ ఫీజును 2016లో ఏడాదికి 70 వేల నుంచి లక్షా 25 వేలకు పెంచారు. పెంచినప్పుడే మినహాయింపులూ ప్రకటించారు. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు ట్యూషన్ ఫీజు లేదు. కుటుంబ వార్షికాదాయం లక్ష లోపైతే కులంతో నిమిత్తం లేకుండా పూర్తి మాఫీ. లక్ష నుంచి 5 లక్షల వరకు మూడింట రెండు వంతుల మాఫీ. అంటే మా మిత్రుని వంటివారు కట్టవలసినది ఏటా సుమారు 41,700 రూపాయలు, ఇతర రుసుములు అదనం. వసతిగృహం, భోజనం బిల్లు దీనిని మించినా ఆశ్చర్యపోనక్కరలేదు. సూరత్‌లోనే చదివి, రాత్రికి సిటీ బస్సులో ఇంటికి చేరగలిగితే ఆ బిల్లు ఉండదు. పూర్తి మాఫీకి పెట్టిన లక్ష రూపాయల గీతను మాత్రం పరీక్షించి చూడవలసి ఉన్నది. నెలకు లెక్కిస్తే అది 8,333 రూపాయలు. సూరత్‌లో పూర్తికాలం పనిచేసే కార్మికుడెవడూ అంత తక్కువకు బతకలేడు. చట్టప్రకారం కనీస వేతనం అందుకొన్నవాడు కూడా ఈ గీత దాటిపోతాడు.

జాతీయ సంస్థలో సీటు రాకపోతే? ఈ ప్రశ్నకు గుజరాత్ ఇచ్చే జవాబు మన రాష్ట్రాలవారు ఆలోచించదగినది. అక్కడి ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలల్లో ట్యూషన్ ఫీజు ఏడాదికి 1,500 రూపాయలు మాత్రమే; ఆడపిల్లలకు అదీ లేదు. సూరత్‌లోనే డాక్టర్ ఎస్. అండ్ ఎస్.ఎస్. గాంధీ ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాల ఉన్నది. ప్రైవేటు కళాశాలలో చేరవలసివస్తే ముఖ్యమంత్రి యువ స్వావలంబన యోజన ఉన్నది. పన్నెండవ తరగతిలో 80 పర్సెంటైల్, 6 లక్షల లోపు కుటుంబాదాయం ఉంటే ట్యూషన్ ఫీజులో సగమో, 50 వేలో, ఏది తక్కువైతే అది ప్రభుత్వమిస్తుంది. ఈ పథకం దయాదాక్షిణ్యాలలో పుట్టినది కాదు. 2015లో రిజర్వేషన్ల కోసం పాటీదార్లు గుజరాత్‌ను అట్టుడికించినప్పుడు, రిజర్వేషన్ ఇవ్వజాలని ఆనందీబెన్ ప్రభుత్వం దీనిని ముందుకు తెచ్చింది. ఆ ఆందోళనకు పట్టుకొమ్మలలో సూరత్ ఒకటి. పాటీదార్లు ఊరేగిన ఫలితం ఏ ఊరేగింపులోనూ కనిపించని తెలుగు కుర్రవానికీ అందుతుంది, పరీక్ష గుజరాత్‌లో ప్యాసైతే.

అయితే కులం దగ్గరకు వచ్చేసరికి వాడు మళ్ళీ పరాయివాడు. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ముందుకు వచ్చిన కేసు కొందరు పాఠకులకు గుర్తుండవచ్చు. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా తొమ్మిదవ ఏట బొంబాయి చేరిన తెలుగు విద్యార్థి అక్కడి వైద్య కళాశాలలో గిరిజన కోటా సీటు కోరాడు. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డు తెగగా గుర్తింపు పొందినంత మాత్రాన వలస వెళ్ళిన రాష్ట్రంలో ఆ హోదా వెంటరాదని ధర్మాసనం తీర్పుచెప్పింది. వెనుకబడిన తరగతుల జాబితాలకూ ఈ రాష్ట్రాల గీతలే. రాష్ట్ర కళాశాలల్లో మా మిత్రుని కొడుకు జనరల్ అభ్యర్థి అనుకొనే లెక్క వేసుకోవాలి. కేంద్ర సంస్థల్లో మాత్రం తెలంగాణకు సంబంధించిన కేంద్ర జాబితా ప్రకారం వెనుకబడిన తరగతి అభ్యర్థి అవుతాడు. ఆ ధ్రువపత్రం ఆ ఏడాది ఏప్రిల్ 1 తరువాత జారీ అయినదై ఉండాలి. తండ్రి పత్రం ఆధారంగా, కాపురమున్న రాష్ట్రపు అధికారే దానిని ఇవ్వవచ్చునని కేంద్రం ఆదేశాలున్నవి. కానీ మామ్లత్‌దార్ కచేరీలో ఎన్నిసార్లు తిరగాలో తెలియక, నాలుగు రోజుల కూలి వదులుకొని నవజీవన్‌లో వరంగల్ దాకా, అక్కడ నుంచి బస్సులో సిరిసిల్లకు వెళ్ళివచ్చేవారే ఎక్కువని ఆ వాడలో చెప్పారు.

ఇక సొంతగడ్డ. తెలంగాణలో 85 శాతం సీట్లు స్థానికులకు. స్థానికుడంటే, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఒరవడిలో, అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్ళు అక్కడ చదివినవాడు. ఇంటర్మీడియట్ రెండేళ్ళే. తల్లిదండ్రులు పదేళ్ళు రాష్ట్రంలో నివసించి ఉంటే మిగిలిన 15 శాతంలో పోటీపడవచ్చు. కానీ ఫీజు రీయింబర్స్‌మెంటు స్థానికులకే. ఆ సహాయమైనా పదివేల లోపు ర్యాంకు రానివారికి 35 వేలకు మించదు. హైదరాబాదులో పేరున్న ప్రైవేటు కళాశాలల ఫీజు లక్షన్నర దాటిన సంగతి తెలిసిందే. ఆ 35 వేలు కూడా వేళకు రావని 2025 నవంబరులో బకాయిల కోసం కళాశాలలు మూతపడినప్పుడు లోకమంతా చూసింది.

బావమరది సలహా వింటే ఏమవుతుందో చూడడానికి నేను దూరం వెళ్ళనక్కరలేకపోయింది. అదే వీధిలో మరొక కార్మికుని కొడుకు రెండేళ్ళ క్రితం హైదరాబాదులో ఇంటర్మీడియట్ ముగించాడు. ఫీజులకు, వసతికి చేసిన అప్పు ఇంకా తీరలేదు. పన్నెండు గుజరాత్‌లో చదవలేదు గనుక అక్కడి ప్రభుత్వ కళాశాలల తలుపు మూసుకున్నది. నాలుగేళ్ళు తెలంగాణలో చదవలేదు గనుక ఇక్కడ స్థానికుడు కాలేదు. రెంటికీ చెడిన రేవడి అనడానికి ఇంతకంటె తార్కాణం వెదకనక్కరలేదు. ఆ తండ్రి నాతో అన్న మాట ఇది: “సార్, మా పిలగాడు ఏ రాష్ట్రపోడో మాకే సమజైతలేదు.”

ఢిల్లీలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారు ఎవరు? రేషన్ కార్డు విషయంలో కేంద్రం జవాబు చెప్పింది. 2019లో మొదలైన ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’ 2022 నాటికి అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. సిరిసిల్ల కార్డు మీద సూరత్‌లో బియ్యం తీసుకోవచ్చు. బియ్యం సరిహద్దు దాటగలిగినప్పుడు విద్యార్థి వేతనం ఎందుకు దాటదు? రాష్ట్రం తన పన్నుల సొమ్మును తనవారికే ఖర్చుపెడతానంటే అందులో న్యాయం లేకపోలేదు. కానీ వలస కార్మికుడు రెండు రాష్ట్రాలలోనూ పన్ను కడుతున్నాడు: సూరత్‌లో కొన్న సబ్బు మీద, సిరిసిల్లలో కట్టిన ఇంటి సిమెంటు మీద. తనవాడంటూ ముందుకు రావలసిన చోట రెండు ప్రభుత్వాలూ నియమావళి తిరగేస్తున్నవి.

రాజకీయ పక్షాల మౌనానికి కారణం వెదకడం కష్టం కాదు. లింబాయత్ నవసారి లోక్‌సభ నియోజకవర్గంలో ఉన్నది. 2019లో అక్కడ సి.ఆర్. పాటిల్ ఆధిక్యత 6 లక్షల 89 వేలు. అంత ఆధిక్యత ఉన్నచోట కొన్ని వేల తెలుగు ఓట్లు ఎటు పడితే ఎవరికి నిద్ర కరువవుతుంది? హైదరాబాదుకు వీరు ఉపన్యాసాలలో మాత్రం గుర్తుకువస్తారు. 2017 అక్టోబరులో వరంగల్ జిల్లాలో కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు, సూరత్, భివండీ, షోలాపూర్‌లలో ఉన్న నేతన్నలను వెనక్కు రప్పిస్తామన్న మాట ఘనంగా వినవచ్చింది. మా మిత్రుడు సూరత్‌లోనే ఉన్నాడు.

పేదరికానికి కొలబద్దలైనా ఒకటిగా ఉన్నవా అంటే అదీ లేదు. జాతీయ సంస్థకు లక్ష, 5 లక్షలు. గుజరాత్‌కు 6 లక్షలు. తెలంగాణ ఫీజు పథకానికి పల్లెలో లక్షన్నర, పట్టణంలో 2 లక్షలు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి రుణాలలో వడ్డీ రాయితీకి 8 లక్షలు. హామీదారు లేకుండా రుణమివ్వడం ఆ చివరి పథకంలో మెచ్చదగిన అంశం. కానీ అది ఎంపికచేసిన సుమారు 860 విద్యాసంస్థలకే పరిమితం. రుణం మంచిదే, ఫీజు లేకపోవడం అంతకంటె మంచిది.

నేను మా మిత్రునికి చెప్పినది చెప్పి ముగిస్తాను. పిల్లవాడిని సూరత్‌లోనే పన్నెండవ తరగతి చదివించమన్నాను. జాతీయ సంస్థల ప్రవేశపరీక్షను 2021 నుంచి గుజరాతీ, తెలుగులతో సహా పదమూడు భాషలలో నిర్వహిస్తున్నారు గనుక భాష అడ్డు కాదు. మొదటి గురి ఊళ్ళోని జాతీయ సంస్థ. అది తప్పితే 1,500 రూపాయల ప్రభుత్వ కళాశాల, ఏ ఊళ్ళో వచ్చినా సరే. పన్నెండు వరకు ఆగే ఓపిక ఇంట్లో లేకపోతే ఇప్పుడే పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ డిప్లొమా. దాని తరువాత హజీరా కర్మాగారాలలో పని వెదుక్కోవచ్చు, లేదా ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో చేరవచ్చు. హైదరాబాదు కోచింగు గొప్పదే కావచ్చు. ఈ ఇంటికి అది గిట్టుబాటు కాదు.

ఆయన అంతా విని, లోపల పుస్తకాలకు అట్టలు వేసుకొంటున్న కూతురిని పిలిచాడు. ఆ అమ్మాయి నగరపాలక సంస్థ తెలుగు బడిలో ఎనిమిదవ తరగతి. వచ్చే ఏడు తొమ్మిదికి ఏ మాధ్యమంలో వేయాలో, సిరిసిల్లలోని నాయనమ్మ దగ్గరకు పంపాలో ఇక్కడే ఉంచాలో ఇంకా తేల్చుకోలేదట. అక్కడ తొమ్మిదిలో చేరితే ఇంటర్మీడియట్ నాటికి నాలుగేళ్ళు నిండుతాయి. ఇక్కడే ఉంటే ప్రభుత్వ కళాశాలలో ఆడపిల్లకు ట్యూషన్ ఫీజు లేదు. కాగితం తీసుకొని ఇద్దరమూ ఆ లెక్క వేయడం మొదలుపెట్టాము. అది తేలకముందే ఆయనకు రాత్రి షిఫ్టు వేళయింది.